గోడలోని తాఖ్, జహేజ్‌లోని సైడ్‌బోర్డ్

ఈ మధ్య మన నెల్లూరు వైపు నికాల్లో ఇచ్చే సామాన్ జాబితాల్లో ఓ కొత్త మాట చేరింది. పలంగ్, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, వాషింగ్ మెషిన్ అయ్యాక సైడ్‌బోర్డ్. పొట్టి కాళ్ల మీద పొడుగ్గా, నడుమెత్తున నిలబడే చెక్క అల్మారీ అది. కింద తలుపులు, సొరుగులు. పైన చదునైన పలక. హాల్లో సోఫాకి ఎదురుగానో, టీవీ పక్కనో వేస్తారు. ఇంట్లోకి వచ్చాక గానీ అసలు సవాల్ మొదలవదు. "ఇస్పే క్యా రఖ్నా భాయ్?" అని చుట్టాలు నన్ను అడుగుతుంటారు. అఖ్బార్‌లో పనిచేసేవాడికి అన్నీ తెలుసనుకోవడం మన ఖౌమ్‌కున్న అలవాటు.

ఏం పెట్టాలో చెప్పే ముందు, అది పెట్టే చోటు మన ఇళ్లలో ఇదివరకు ఏమై ఉండేదో చెప్పాలి. అది గోడలో ఉండేది. దాని పేరు తాఖ్.

రాసేటప్పుడు పెద్ద ఖాఫ్‌తో రాస్తాం. పలికేటప్పుడు దఖ్నీ నాలుక దాన్ని 'ఖ' చేస్తుంది. ఈ లెక్కన నాలాంటి విలేకరులకు వార్తా ఖబరే, సమాధీ ఖబరే. ఆ సంగతి అలా ఉంచితే, ఫార్సీలో తాఖ్ అంటే కమాను, గోడలో కమాను ఆకారంలో తొలిచిన గూడు. తెలుగిళ్లలో దీపపు గూడు అంటారే, అదే. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక నాకు బాగా నచ్చిన జతల్లో ఇదొకటి. పిట్ట కట్టుకునేదీ గూడే, దీపం పెట్టుకునేదీ గూడే. పక్కన పడేసిన పనిని ఉర్దూలో తాఖ్ మీద పెట్టారంటాం, తెలుగులో అటకెక్కించారంటాం. రెండు జబానుల వాళ్లూ మరచిపోవాలనుకున్నవాటిని ఇంట్లో ఎత్తయిన చోటుకే పంపారు. ఉర్దూ ఇంకో అడుగు ముందుకేసి 'తాఖె నిసియాఁ' అని మరుపుకే ఒక గూడు కట్టింది.

దీని అరబీ పేరు మన చెవికి ఇంకా దగ్గరిది: మిష్కాత్. సూరె నూర్ 35వ ఆయత్‌లో అల్లాహ్ నూర్‌కి ఇచ్చిన మిసాల్ ఇదే. గోడలో గూడు, గూడులో చిరాగ్, చిరాగ్ చుట్టూ గాజు. హదీసుల సంకలనానికి 'మిష్కాతుల్ మసాబీహ్', అంటే దీపాల గూడు, అని పేరు పెట్టడం వెనకా ఆ పోలికే ఉంది. మదర్సాలో మిష్కాత్ చదివానని చెప్పే హజ్రత్‌లు మీ ఇంట్లో ఉంటే, ఆ మాటకి అర్థం తాఖే అని గుర్తు చేయండి.

మన తీరం వెంబడి, ఇస్కపల్లి నుంచి కోట, వాకాడు దాకా, పాత మిద్దెల గోడలు మట్టితోనో, ఇటుకా సున్నంతోనో మందంగా ఉండేవి. గోడ లావుగా ఉంటేనే తాఖ్ కుదురుతుంది. వీధి గదిలో ఒకటి రెండు, వంటింట్లో ఒకటి, పడక దగ్గర ఒకటి. పై తాఖ్‌లో జుజ్‌దాన్‌లో చుట్టిన ఖురాన్, పక్కనే మడిచిన రిహల్. దాని కింది దాంట్లో కిరోసిన్ బుడ్డి, అగ్గిపెట్టె, సుర్మాదాని, తస్బీహ్, ఎవరో ఊరి నుంచి రాసిన ఖత్. ఎవరూ సర్దిపెట్టినట్టు ఉండేది కాదు, కానీ ప్రతి వస్తువుకీ ఒక ఎత్తు ఉండేది. ఖురాన్ ఉన్న తాఖ్ కంటే పైన ఏదీ ఉండకూడదు. పిల్లల చేతికందే ఎత్తులో సుర్మాదాని ఉండకూడదు. ఇంటీరియర్ డెకరేషన్ అని ఇవాళ డబ్బు పోసి చెప్పించుకునే దాంట్లో సగం ఆ రెండు ఖాయిదాల్లోనే ఉంది.

తాఖ్‌ని చూడటానికే, చూపించడానికే కట్టుకున్నవాళ్లు బాద్‌షాలు. చీనీ పింగాణీ పాత్రల కోసం గోడ నిండా సురాహీ, గిన్నె ఆకారాల్లో గూళ్లు తొలిపించి, ఆ గదిని చీనీఖానా అన్నారు. ఇరాన్‌లోని అర్దబీల్‌లో షేఖ్ సఫీ దర్గాకి షా అబ్బాస్ 1611లో వెయ్యికి పైగా చీనీ పాత్రలు వఖ్ఫ్ చేశాడు. వాటి కోసం అక్కడ ఏర్పాటైన గది ఇప్పటికీ చూసేవాళ్ల కళ్లు తిప్పుకోనివ్వదు. ఆగ్రాలో నూర్‌జహాఁ తన తండ్రి ఇతిమాదుద్దౌలాకి 1622 – 1628 మధ్య కట్టించిన మఖ్బరా గోడల మీద గూళ్లలో సురాహీలు, పూలగిన్నెలు, పళ్లు కనిపిస్తాయి. పాత్రలు లేకుండా వాటి బొమ్మలు మాత్రమే. మన దక్కన్‌లో సాలార్‌జంగ్‌ల దీవాన్ దేవ్‌డీలోనూ గోడలకి పింగాణీ అతికించిన చీనీఖానా ఒకటి ఉండేది. సోనా చాందీ పాత్రల్లో తినడం, తాగడం హదీసులో మనా కాబట్టి పింగాణీకి మన దర్బారుల్లో అంత ఖదర్ వచ్చిందని కొందరంటారు. అది ఒక కారణం కావచ్చు. పింగాణీ అందంగా ఉంటుందన్నది ఇంకా పెద్ద కారణమని నా నమ్మకం.

ఈ గూడు గోడ లోంచి ఊడి నేల మీదికి ఎలా వచ్చింది? మన తీరానికి ఆ కథలో చిన్న భాగం ఉంది.

అల్మారీ అనే మాట మనది కాదు. పోర్చుగీసు వాళ్ల 'అర్మారియో'. దాని వెనక లాటిన్ 'అర్మారియం', ఆయుధాలు, సరంజామా దాచుకునే చోటు. దానికి తాళం వేసే చాబీ కూడా పోర్చుగీసు 'షావె' నుంచి వచ్చిందే. బీరువా అయితే ఫ్రెంచి 'బ్యూరో'. సముద్రం మీంచి వచ్చినవాళ్లు మన దగ్గర నూలు గుడ్డలు కొనుక్కుని, పెట్టెలూ వాటి పేర్లూ ఇక్కడ వదిలిపోయారు. పులికాట్‌లో మొదట పోర్చుగీసులు, 1613 నుంచి కోట కట్టుకుని డచ్చివాళ్లు. 1626లో మన దుగరాజపట్నంలో ఆంగ్లేయుల కోఠీ. మద్రాసు పుట్టకముందు వాళ్లు తుపాకులు నిలబెట్టుకుని కూర్చున్న చోటు అదే. అప్పట్లో వాళ్లు దాన్ని ఆర్మగాఁవ్ అనేవాళ్లు.

వాళ్లు మన తీరాన్నంతా కోరమాండల్ అన్నారు. ఆ పేరు కాస్తా ఫర్నిచర్‌కి అతుక్కుంది. చీనాలో నల్లటి లక్క మీద బొమ్మలు చెక్కి రంగులద్దిన పెద్ద పెద్ద తెరలు మన రేవుల మీదుగా యూరప్ వెళ్లేవి. అక్కడ కొందరు వాటిని ముక్కలుగా కోసి అల్మారీలకి తలుపులుగా బిగించుకున్నారు. వాటికి కోరమాండల్ లక్క అని పేరు. చేసింది చీనా, కొన్నది యూరప్, మధ్యలో ఓడ ఆగినందుకు పేరు మనకి. దానికి ఉల్టా కూడా జరిగింది. మన తీరంలోనే 17వ శతాబ్దంలో చెక్కిన నల్లచేవ కుర్చీలను హోరేస్ వాల్పోల్ అనే దొర ఆ తర్వాతి శతాబ్దంలో కొని, ఇవి మా ట్యూడర్ రాజుల కాలంనాటివని మురిసిపోయాడు. అవి హిందుస్తాన్ సరుకని చాలా కాలానికి గానీ తేలలేదు. బీడీలు చుట్టే మన ఆడవాళ్ల కోసం ఇంకో మాట: కోరమాండల్ ఎబొనీ అని ఆంగ్లేయులు పిలిచే చెట్టు మన తునికి. చేవ దొరల బల్లలకి, ఆకు మన చాటల్లోకి.

ఇక అసలు సైడ్‌బోర్డ్ సంగతి. ఇటలీలో దీని అక్క పేరు క్రెడెంజా. ఇప్పటి కేటలాగుల్లో ఆ పేరు కూడా కనిపిస్తుంది. క్రెడెంజా అంటే నమ్మకం, మన మాటల్లో ఏతెబార్. అమీర్ల వంటకాల్లో జెహర్ కలిసిందేమోనని ముందుగా నౌకర్ రుచి చూసేవాడు. ఆ పరీక్ష పేరు, అది జరిగే బల్లకి స్థిరపడింది. ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దం రెండో సగంలో రాబర్ట్ ఆడమ్ అనే ఆర్కిటెక్ట్ నవాబుల్లాంటి దొరల భోజనశాలల్లో గోడవారగా ఒక బల్ల, దానికి రెండు వైపులా పీఠాల మీద కలశాలు పెట్టించాడు. తర్వాత ఆ మూడూ ఒకే సామానుగా కలిసిపోయాయి. హెపుల్‌వైట్ అనే వడ్రంగి నమూనాల పుస్తకం 1788లో అచ్చయ్యేనాటికి మనకు తెలిసిన సైడ్‌బోర్డ్ తయారైంది. సొరుగుల్లో షరాబ్ సీసాలకి ఖానాలు, గ్లాసులు కడగడానికి సీసపు రేకు పరిచిన అర. ఇంకొకటి కూడా. 1784లో ఇంగ్లండ్ చూడబోయిన ఫ్రెంచి కుర్రాడు లా రోష్‌ఫూకో, ఆ సైడ్‌బోర్డుల్లో పేషాబ్ కుండలు కూడా దాచి ఉంచుతారని, విందు మధ్యలో దొరలు వాటిని వాడతారని చూసి నివ్వెరపోయాడు. ఇది చెబితే మా ఖాలా తన కోడలి సైడ్‌బోర్డ్‌ని మూడుసార్లు పాక్ చేయించింది.

దొరల బంగళాల్లోకి ఇది వచ్చింది గానీ మన ఇళ్లలోకి రాలేదు. దస్తర్‌ఖాన్ నేల మీద పరుచుకునేవాళ్లకి భోజనబల్ల పక్కన ఇంకో బల్లతో పనేముంది? మన ఇళ్లలో కదిలే సామాన్ అంటే సందూఖ్. పెళ్లికూతురితో వచ్చేది. బట్టలు, జేవర్, నికాహ్‌నామా అందులో. మూత వేస్తే లోపల ఏముందో అత్తగారికి కూడా తెలియదు. చాబీ కోడలి కొంగుకి ఉండేది. మా నానీమా సందూఖ్‌ని ఆమె చనిపోయేదాకా మా నానా ఒక్కసారీ తెరవలేదంటే మా పిల్లలు నమ్మరు.

సిమెంటు వచ్చింది, గోడ పలచబడింది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో తాఖ్ నామ్‌కే వాస్తే. పిల్లర్లు లేచాక నాలుగున్నర అంగుళాల గోడలో మేకు కొడితేనే అవతలి గదిలో పెచ్చు ఊడుతుంది. గూడు గోడలో నిలవలేక బయటికొచ్చింది. గోద్రెజ్ వాళ్లు 1923 నుంచి తయారుచేస్తున్న ఉక్కు బీరువా లాంటివి ముందు పెద్దింటి పడకగదుల్లోకి, చాలా ఏళ్లకి మామూలు ఇళ్లలోకి చేరాయి. మన ఉప్పుగాలికి మైపాడు, కృష్ణపట్నం వైపు వాటి కాళ్లు తుప్పు పట్టేవి, అయినా తుఫానుకి చెద పట్టదని మోజు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను తర్వాత ఆ మోజు ఇంకా పెరిగింది.

హాల్లోకి గాజు తలుపుల షోకేస్‌ని తెచ్చింది మాత్రం గల్ఫ్. 1970ల చమురు ధరల తర్వాత మన జిల్లా నుంచి, కడప నుంచి మనవాళ్లు కువైట్, సౌదీ, దుబాయ్ వెళ్లారు. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇళ్లలో పనికి. వచ్చేటప్పుడు తెచ్చినవి పెట్టడానికి ఇంట్లో చోటు లేదు. గాజు టీ సెట్లు, పూల ఫ్లాస్కు, ఖాలీ అత్తరు సీసాలు, కాబా బొమ్మ ఉన్న గడియారం, ప్లాస్టిక్ ఖర్జూర చెట్టు. వాటి కోసం షోకేస్ చేయించారు. అందులో టీ సెట్లో ఎవరూ టీ తాగలేదు. తాగడానికి కాదు అవి. ఏడేళ్లు కనిపించని అబ్బా ఇంట్లో ఉన్నాడని నలుగురికీ చెప్పడానికి. 1990 ఆగస్టు 2న సద్దామ్ ఫౌజ్ కువైట్‌లోకి దిగినప్పుడు లక్షా డెబ్బై వేల మంది హిందుస్తానీలు అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి వచ్చారు. వాళ్లలో చాలామంది చేతుల్లో ఒక్క సంచే. వాళ్ల ఇళ్లలో షోకేసుల్లో ఉన్నవే మిగిలిన కువైట్. ఆ గాజు సామాన్‌ని పనికిరాని తళుకులని నవ్వేవాళ్లంటే నాకు అందుకే కోపం.

తర్వాత ఘర్షణ ఇంకో వైపు నుంచి వచ్చింది. బొమ్మలు, తస్వీర్లు ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారన్న హదీసు ఇజ్తిమాల్లో గట్టిగా వినిపించాక, షోకేస్‌లోంచి కొండపల్లి ఏనుగు దిగింది, పింగాణీ కుక్కపిల్ల దిగింది, కొన్ని ఇళ్లలో అబ్బా ఫోటో కూడా దిగి బీరువాలోకి వెళ్లింది. వాటి చోట్లోకి ఆయతుల్ కుర్సీ ఫ్రేములు వచ్చాయి. ఇవాళ సైడ్‌బోర్డ్ ముందు నిలబడి కోడలు ఒకటి పెడితే అత్త ఒకటి తీసే తగాదాలకి మూలం చాలాసార్లు ఇదే. ఎవరి ఇంట్లో ఏది ఉండాలో చెప్పడానికి నేను ముఫ్తీని కాను. ఫోటోని బీరువాలో పెట్టినా, ఫోటోలో ఉన్నది ఎవరో పిల్లలకి చెబుతూ ఉండాలి, అంతే.

నన్ను ఇవన్నీ రాయించింది మాత్రం వేరే సంగతి. కొన్నేళ్ల కింద పని మీద ఒక పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఆవరణలో మినీ లారీ ఆగి ఉంది. విడిపోయిన ఒక జంట సామాన్ అమ్మాయి పుట్టింటికి తిరిగి వెళ్తోంది. పలంగ్, బీరువా దించి లెక్క రాస్తున్నారు. షోకేస్ రాలేదు. "అది హాల్లో ఉండేది కదా, ఇంటి సామాన్ కదా" అని అబ్బాయి తరఫువాళ్లు వాదిస్తున్నారు. అమ్మాయి తండ్రి దగ్గర రసీదు లేదు. ఆయన లారీ పక్కన అలా నిలబడిపోయాడు.

ఆ వాదన నాకు చాలా రోజులు బుర్రలో తిరిగింది. తాఖ్‌ని ఎవరూ జహేజ్‌లో తేలేదు. అది గోడతో పుట్టింది, గోడ ఎవరిదైతే తాఖ్ వాళ్లది. సందూఖ్ పెళ్లికూతురిది, చాబీతో సహా. గూడు నేల మీదికి దిగి కాళ్లొచ్చాక అది లెక్కపెట్టే సామాన్ అయింది, కాబట్టి జాబితాలోకి ఎక్కింది, కాబట్టి ఆడపిల్ల తండ్రి అప్పు అయింది. కానీ వేసింది హాల్లో. తాళం లేదు. చూసేది అత్తింటి మెహమాన్లు. కొన్నది ఒకరు, ఇజ్జత్ ఇంకొకరిది, మిల్కియత్ ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. సందూఖ్ విషయంలో ఈ తగువు రాదు.

జహేజ్‌కి సమర్థనగా అందరూ బీబీ ఫాతిమా పేరు చెబుతారు. రివాయత్‌లో ఉన్నవి ఒక కంబళి, ఒక తోలు మశ్క్, ఇజ్‌ఖిర్ గడ్డి కూరిన ఒక తకియా. హజ్రత్ అలీ తన జిరహ్ అమ్మి ఇచ్చిన మహర్ సొమ్ముతోనే అవి కొన్నారని ఎందరో ఉలమా అంటారు. ఆ లెక్కన ఆ సామాన్ పెళ్లికొడుకు ఖర్చు. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ జహేజ్ విషయంలో మూడు మాటలు చెప్పారు: స్తోమతకి మించకూడదు, అవసరమైనవే ఇవ్వాలి, నలుగురికీ చూపించకూడదు. మూడో మాట దగ్గరే సైడ్‌బోర్డ్ ఆగిపోతుంది. చూపించడానికి తప్ప అది ఇంకెందుకు?

ఖానూన్ కూడా ఇక్కడ సాఫ్‌గానే ఉంది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీల హక్కుల మీద 1986లో వచ్చిన చట్టం మూడో సెక్షన్ ప్రకారం, పెళ్లికి ముందు గానీ, పెళ్లప్పుడు గానీ, తర్వాత గానీ ఆమెకి పుట్టింటివాళ్లు, దోస్తులు, భర్త, భర్త తరఫువాళ్లు ఇచ్చిన ఆస్తులన్నీ ఆమెవే. హాల్లో ఉందా, పడకగదిలో ఉందా అన్న తేడా అందులో లేదు. కట్నం అడగడమే కాదు, ఇవ్వడమూ 1961 చట్టం కింద జుర్మే. ఎవరూ అడక్కుండా ఇచ్చిన కానుకలకైతే 1985 నియమాల ప్రకారం జాబితా రాయాలి: వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఇచ్చిందెవరు, వాళ్లు ఏమవుతారు. కింద దూలహా, దుల్హన్ ఇద్దరి సంతకాలు. పెళ్లికూతురికి వచ్చిన కానుకల జాబితా పెళ్లికూతురి దగ్గరే ఉండాలి. నికాహ్‌నామా పెట్టిన చోటే ఈ కాగితాన్నీ పెట్టమని మా చెల్లెళ్లకి చెబుతుంటాను.

ఇప్పుడు అడిగిన సవాల్‌కి జవాబు. కొత్త సైడ్‌బోర్డ్ కొనకపోతే మేలు. ఇంట్లో పాత చెక్క అల్మారీ ఉంటే తలుపులు గీకించి పాలిష్ పెట్టించండి. కొనక తప్పదనుకుంటే పార్టికల్ బోర్డు వద్దు. మన తీరంలో ఒక్క వానాకాలానికి అంచులు బిస్కట్‌లా ఉబ్బుతాయి. వేప చెక్క చాలు. గోడకి రెండు వేళ్ల ఎడం ఇవ్వండి, చెమ్మ దిగదు. పైన మొత్తం నింపకండి. తాఖ్‌లో నాలుగు వస్తువులు పట్టేవి, వాటితో తరాలు గడిచాయి. ఒక పక్క ఎత్తుగా ఒకటి, దీపమో, నానీమా రాగి సురాహీనో. దాని పక్కన పొట్టిగా ఒకటి, పాన్‌దాన్ మిగిలి ఉంటే అదే. చింతపండుతో తోమితే మళ్లీ మెరుస్తుంది. ఖురాన్‌ని మాత్రం అందంగా ఉందని దీని మీద పెట్టొద్దు. నడుమెత్తు సామాన్ ఇది, కూర్చున్నవాళ్ల భుజాలు దానికంటే పైన ఉంటాయి. దానికి వేరే ఎత్తయిన పలక వేయించండి.

చీనా వాజ్ బదులు ఉదయగిరి చెంచాలు తెచ్చుకోండి. మన జిల్లా కొండ ఊరే. బిక్కి, నార్ది లాంటి చెక్కలతో అక్కడి మన ఖౌమ్ కుటుంబాలు, ఎక్కువగా ఆడవాళ్లు, చేత్తో చెక్కుతారు. గరిటెలు, ఫోర్కులు, సన్నటి జాలీ పని పట్టిన కాడలు. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పెద్ద మర్తబాన్‌లో ఏడెనిమిది నిలబెట్టి ఉంచితే చాలు. మెహమాన్లు వచ్చినప్పుడు అందులోంచే తీసి ఖీర్ వడ్డించండి. వాడాక నీళ్లలో నానబెట్టకుండా వెంటనే కడిగి, నీడలో ఆరబెట్టి, నెలకోసారి కొబ్బరినూనె రాస్తే ఏళ్ల తరబడి ఉంటాయి. గూడూరు వైపు చుట్టాలుంటే ఒక అబ్రఖ్ పెచ్చు అడిగి తెచ్చుకుని దీపం వెనక నిలబెట్టండి. వెలుతురు దాని పొరల్లో పడి గోడ మీదికి వస్తుంది.